వాటర్ క్యాన్ల సప్లైకి ఎలక్ట్రిక్ మినీ ట్రక్ కొనాలా, డీజిల్‌లోనే ఉండాలా?

బోడుప్పల్ వాటర్

అందరికీ నమస్కారం. మాది బోడుప్పల్‌లో చిన్న వాటర్ ప్లాంట్. ఇళ్లకు, హాస్టళ్లకు 20 లీటర్ల క్యాన్లు వేస్తాం. ఉన్న బండి 2012 టాటా ఏస్, డీజిల్. 2027లో దానికి 15 ఏళ్లు నిండుతాయి. ఇప్పుడు ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలంటే ఇంజిన్ పని చేయించక తప్పదు. మెకానిక్ చెప్పిన ఎస్టిమేట్ విన్నాక ఆ డబ్బు పాత బండి మీద పెట్టడం కంటే కొత్త బండికి డౌన్ పేమెంట్ కట్టడం మేలనిపిస్తోంది.

బండి రోజూ 45 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, ఉప్పల్ డిపో వైపు. పోచారం, ఘట్‌కేసర్ వైపు హాస్టళ్లకు మాత్రం అద్దె ట్రాలీ పెడుతున్నాం. నాకు నచ్చినవి టాటా ఏస్ ప్రో ఈవీ, మహీంద్రా జియో, రెండూ ఎలక్ట్రిక్ (ఈవీ) మినీ ట్రక్కులే. డీజిల్ ఖర్చు తప్పుతుందని ఆశ. బ్యాటరీ పోతే ఏంటి పరిస్థితి అని ఇంట్లో టెన్షన్. ఏడు లక్షల లోపు ఏది కొంటే బాగుంటుందో, అసలు ఎలక్ట్రిక్ వైపు వెళ్లొచ్చో లేదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తెనాలి పార్సిల్

తమ్ముడూ, నేను తెనాలి, గుంటూరు, విజయవాడ మధ్య ఎలక్ట్రిక్ మినీ ట్రక్ నడుపుతున్నాను. పార్సిళ్లు, షాపుల సరుకు. నా మాట ఒకటే. కంపెనీ కాగితంలో రాసే రేంజ్ (ఒక ఫుల్ చార్జింగ్‌కి పోయే దూరం) చూసి కొనొద్దు. ఏస్ ప్రో ఈవీకి 155 కిలోమీటర్లు అంటారు, జియోకి 160 అంటారు. అది టెస్టింగ్‌లో వచ్చిన లెక్క. మన రోడ్ల మీద, సరుకుతో, ఎండలో అందులో మూడింట రెండు వంతులు వస్తే సంతోషించాలి. నేనైతే ఫుల్ చార్జింగ్‌కి వంద కిలోమీటర్లే అనుకుని ప్లాన్ చేసుకుంటాను.

మీకు 45 కిలోమీటర్లే కాబట్టి రేంజ్ సమస్యే కాదు. హైవే మీద ఫుల్ స్పీడ్‌లో తోలితే చార్జింగ్ కళ్ల ముందే పడిపోతుంది కానీ, మీ లాగా సందుల్లో ఆగుతూ సాగుతూ పోయే పనికి ఈ బండ్లు చాలా బాగుంటాయి. బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి బ్యాటరీలోకి వస్తుంది. డీజిల్ బండి అదే పనికి ఎక్కువ తాగుతుంది. గేర్లు, క్లచ్ లేకపోవడంతో సాయంత్రానికి డ్రైవర్ కాళ్లు పీకవు. ఇది చిన్న విషయం కాదు. మా డ్రైవర్ పాత బండి ఎక్కమంటే ఇప్పుడు ఒప్పుకోడు.

లెక్కల మాస్టారు

రేంజ్ సంగతి తర్వాత. 45 కిలోమీటర్లకు డబ్బు లెక్క కుదురుతుందా లేదా, అది ముందు చూద్దాం.

ఏస్ ప్రో 2025 జూన్‌లో వచ్చినప్పుడు షోరూమ్ ధరలు ఇవి: పెట్రోల్ 3.99 లక్షలు, సీఎన్‌జీ బై-ఫ్యూయల్ (గ్యాస్, పెట్రోల్ రెండింటితో నడిచేది) 4.99, ఈవీ 6.50. ఆ తర్వాత సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఈవీల మీద ముందు నుంచీ 5 శాతమే కాబట్టి దానికి తగ్గిందేమీ లేదు. అంటే పెట్రోల్‌కీ ఈవీకీ మధ్య తేడా రెండున్నర లక్షలు దాటింది. నేను పాత ధరలతోనే వేస్తున్నాను.

రెండింటికీ లక్ష చొప్పున డౌన్ పేమెంట్, మిగతాది 12 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోన్ అనుకుందాం. పెట్రోల్ బండికి నెలకు 7,900 ఈఎంఐ. ఈవీకి 14,500. తేడా 6,600.

ఇక నడిపే ఖర్చు. పెట్రోల్ హైదరాబాద్‌లో 107 రూపాయలు, లోడుతో లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు దాదాపు 6 రూపాయలు. ఈవీ బ్యాటరీ 14.4 యూనిట్లు. తెనాలి అన్న చెప్పినట్టు వంద కిలోమీటర్లు పోతే, చార్జింగ్‌లో పోయే పదో వంతు కూడా కలిపి, కిలోమీటరుకు 0.16 యూనిట్. యూనిట్ 6 రూపాయలకు దొరికితే ఒక రూపాయి, తొమ్మిదిన్నర పడితే రూపాయిన్నర.

అంటే కిలోమీటరుకు నాలుగున్నర నుంచి ఐదు రూపాయలు మిగులుతాయి. 6,600 రూపాయల ఈఎంఐ తేడా పూడాలంటే నెలకు 1,300 నుంచి 1,500 కిలోమీటర్లు తిరగాలి. 26 పని దినాలకు రోజుకు 50 నుంచి 56 కిలోమీటర్లు. మీది 45. కాబట్టి లోన్ తీరేదాకా ఈవీ మీకు నెలనెలా కొద్దిగా నష్టమే. నాలుగేళ్ల తర్వాత నుంచే లాభం. అదే రోజుకు 80 తిరిగే బండి అయితే మొదటి నెల నుంచే మూడు, నాలుగు వేలు మిగిలేది.

బోడుప్పల్ వాటర్

మాస్టారూ, చాలా థాంక్స్. ఇంత విడమరిచి డీలర్ కూడా చెప్పలేదు. ఆయన "నెలకు పది వేలు మిగులుతాయి" అన్నాడు. 80 కిలోమీటర్ల లెక్కన అన్నాడని ఇప్పుడు అర్థమైంది.

మరి నా లాంటి తక్కువ తిరిగేవాళ్లకు పెట్రోల్ ఏస్ ప్రోనే మంచిదంటారా?

షెడ్డు మెకానిక్

ఒక్క నిమిషం ఆగండి. అసలు విషయం ఎవరూ అడగడం లేదు. క్యాన్లు ఒక ట్రిప్పుకి ఎన్ని ఎక్కిస్తున్నావు అన్నా?

బోడుప్పల్ వాటర్

పైన స్టాండ్ కట్టించాం. 60 దాకా ఎక్కుతాయి.

షెడ్డు మెకానిక్

అందుకే అడిగాను. నిండు క్యాన్ 21 కిలోల దగ్గర ఉంటుంది. 60 క్యాన్లంటే 1,260 కిలోలు. డ్రైవర్, కుర్రాడు కలిసి ఇంకో 130. ఏస్ ప్రో ఏది తీసుకున్నా పేలోడ్, అంటే మోయగల బరువు, 750 కిలోలు. జియో 765. ఆ 750లో మనుషుల బరువు కూడా లెక్కే. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బండి బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ రెండింటి మధ్య తేడాలోనే డ్రైవర్ కూడా రావాలి. మనుషులను తీసేస్తే 620 కిలోలు, అంటే 29 క్యాన్లు. నువ్వు ఇప్పుడు వేస్తున్న దాంట్లో సగం కూడా కాదు.

పాత ఏస్ మోసింది కదా అని కొత్త దాని మీద కూడా 60 వేస్తే ఏమవుతుందో మా షెడ్డులో రోజూ చూస్తున్నాను. స్ప్రింగులు కూర్చుంటాయి, వెనక టైర్లు లోపలి వైపు అరిగిపోతాయి. ఎలక్ట్రిక్‌లో ఇంకో గొడవ ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు కంట్రోలర్ (మోటార్‌కి కరెంటు పంపే పెట్టె) వేడెక్కి పవర్ తగ్గించేస్తుంది, బండి మధ్యలో పాకుతుంది. వారంటీ క్లెయిమ్‌కి వెళ్తే ఓవర్‌లోడ్ అని కొట్టేసే అవకాశం ఉంది. బండి ఎంత లాగిందో, ఎంత వేడెక్కిందో దాని కంప్యూటర్‌లో రికార్డవుతుంది. మనం కాదనలేం. రోడ్డు మీద పట్టుకుంటే ఓవర్‌లోడ్ ఫైన్ 2019 చట్టం ప్రకారం 20 వేలు, ఆపైన ప్రతి టన్నుకీ 2 వేలు.

లెక్కల మాస్టారు

మెకానిక్ గారు చెప్పింది చాలా ముఖ్యం. అలాగైతే నేను పోల్చిన బండే తప్పు జోడీ. 29 క్యాన్ల పెట్రోల్ బండి ఈయన పనికి చౌక కాదు, ట్రిప్పులు రెట్టింపు అవుతాయి, ప్రతి ట్రిప్పుకీ పెట్రోల్ పోయాలి.

ఒక టన్ను దగ్గర మోసే వాటిని చూద్దాం. డీజిల్‌లో ఏస్ గోల్డ్ ప్లస్ ఉంది, 2025 సెప్టెంబర్‌లో 5.52 లక్షలకు వచ్చింది, పేలోడ్ 900 కిలోలు. ఎలక్ట్రిక్‌లో అదే నెల యూలర్ వాళ్ల టర్బో ఈవీ 1000 వచ్చింది, 5.99 లక్షల నుంచి మొదలు, ఒక టన్ను. ఫాస్ట్ చార్జింగ్ ఉన్నదీ, ఎక్కువ రేంజ్ ఉన్నదీ కావాలంటే ధర ఏడు, ఎనిమిది లక్షల్లోకి వెళ్తుంది. డీజిల్‌తో పోలిస్తే మొదటి వేరియంట్‌కి షోరూమ్ ధరలో తేడా 50 వేల లోపే!

డీజిల్ 95 రూపాయలు పైన, లీటరుకు 18 వేసుకున్నా కిలోమీటరుకు 5.30. టన్ను లోడుతో ఈవీకి 0.2 యూనిట్ వేసుకుందాం, తొమ్మిదిన్నర రేటుకే 1.90. కిలోమీటరుకు 3.40 మిగులు. నెలకు 1,170 కిలోమీటర్లకు దాదాపు 4,000. ఈఎంఐ తేడా 1,250 మించదు. ఇక్కడ 45 కిలోమీటర్లకు కూడా ఈవీదే పైచేయి.

కాబట్టి మీకు పెట్రోల్ 750 కిలోలా, ఈవీ 750 కిలోలా అన్నది కాదు ప్రశ్న. డీజిల్ 900 కిలోలా, ఈవీ టన్నా అన్నది.

పచ్చళ్ల వ్యాపారం

మాస్టారు గారి లెక్కలో ఒక ఖర్చు రాలేదు. బండి నిలబడిపోయిన రోజుల ఖర్చు.

మాది ఈసీఐఎల్ దగ్గర పచ్చళ్లు, పొడుల తయారీ. రెండేళ్ల క్రితం ఎలక్ట్రిక్ మూడు చక్రాల గూడ్స్ ఆటో తీసుకున్నాం. కంపెనీ పేరు చెప్పను. బండి నడిచినన్ని రోజులూ బంగారం. ఒక రోజు కంట్రోలర్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో పార్ట్ లేదు, వేరే రాష్ట్రం నుంచి రావాలన్నారు. వారంటీలోనే ఉంది, మా చేతి నుంచి ఒక్క రూపాయి పోలేదు. కానీ వారాల తరబడి బండి వాళ్ల షెడ్డులోనే ఉంది. ఆ రోజులన్నీ మేము ట్రాలీ అద్దెకు పెట్టాం, అటు ఈఎంఐ కట్టాం. డీజిల్ ఏస్ అయితే రామంతాపూర్‌లో ఏ మెకానిక్ అయినా సాయంత్రానికి లేపి పంపిస్తాడు.

పచ్చళ్లు రెండు రోజులు ఆగినా పాడవవు. మీది నీళ్లు. ఒక్క రోజు క్యాన్ రాకపోతే హాస్టల్ వాళ్లు వేరే ప్లాంట్‌కి మారిపోతారు. అందుకని కొత్త కంపెనీ బండి తీసుకుంటే రెండు మాటలు అడగండి. ఉప్పల్, నాచారం వైపు వాళ్ల సర్వీస్ సెంటర్ ఎక్కడుంది, అందులో కంట్రోలర్, చార్జర్, మోటార్ స్టాక్ ఉన్నాయా. బండి 48 గంటల్లో తయారు కాకపోతే బదులు బండి ఇస్తారా. రెండోదానికి నోటితో అవునంటారు. లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి.

తెనాలి పార్సిల్

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 50 వేలు తక్కువని దూరపు సర్వీస్‌తో ఇబ్బంది పడేకంటే, లక్ష ఎక్కువైనా పక్కన సర్వీస్ ఉన్న బండే నా ఓటు. టాటాలోనే ఏస్ ఈవీ 1000 ఉంది, టన్ను పేలోడ్, 161 కిలోమీటర్ల రేంజ్ అంటారు. మీ బడ్జెట్ దాటిపోతుంది, నిజమే. ఒకసారి కొటేషన్ తీసుకుని చూడండి, ఫైనాన్స్ ఆఫర్లు ఉంటాయి.

కరెంట్ పని

నేను ఎలక్ట్రీషియన్‌ని. ఇందాకటి నుంచి యూనిట్ 6 అని ఒకసారి, 9.50 అని ఒకసారి రాస్తున్నారు. ఆ తేడా ఎక్కడిదో చెప్తాను.

ఇంటి మీటర్ మీద చార్జింగ్ పెడితే ఆ యూనిట్లు మీ ఇంటి వాడకం పైన వచ్చి కూర్చుంటాయి. ఫ్రిజ్, మోటర్, ఏసీ కలిపి ఇప్పటికే 200 దాటిన ఇల్లయితే, 201 నుంచి 300 దాకా యూనిట్ 7.70, 301 నుంచి 400 దాకా 9, ఆపైన 800 దాకా 9.50. బండి యూనిట్లన్నీ ఈ పై స్లాబుల్లోనే పడతాయి. ప్లాంట్‌లో కమర్షియల్ మీటర్ ఉంటే పది దాటుతుంది. అదే ఈవీ చార్జింగ్‌కి విడిగా కనెక్షన్ తీసుకుంటే మన తెలంగాణలో యూనిట్ 6 రూపాయలు, దాని మీద లోడుకు తగ్గ ఫిక్స్‌డ్ చార్జీ. నెలకు 250 యూనిట్లు కాలిస్తే ఈ తేడా ఒక్కటే ఏడు, ఎనిమిది వందలు. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర 15 నుంచి 20 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. రోజూ బయటే పెట్టే పనైతే ఎలక్ట్రిక్ బండి కొనడంలో అర్థం లేదు. సగం లాభం అక్కడే పోతుంది.

ఇంకా ముఖ్యమైనది వైరింగ్. చార్జర్ 15 ఆంప్స్ సాకెట్‌కే పెట్టొచ్చంటారు, నిజమే. కానీ మిక్సీ నిమిషం తిరుగుతుంది, గీజర్ పావుగంట. బండి మాత్రం రాత్రంతా, ఆరేడు గంటలు ఒకే లోడు లాగుతూనే ఉంటుంది. మొన్న ఒకళ్లింట్లో చూశాను. సాకెట్ లోపలి ఇత్తడి రెక్కలు వదులైపోయి, ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కరిగి అతుక్కుపోయింది. వెనక వైర్ ఒకటిన్నర ఎంఎం. దాని మీద అంత సేపు లాగితే అలాగే అవుతుంది. మీటర్ దగ్గర నుంచి బండి దగ్గరికి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా చార్జర్లు అసలు ఆన్ కావు, ఎర్ర లైటు వెలిగి ఊరుకుంటాయి. బండిలో లోపమనుకుని జనం సర్వీస్ సెంటర్‌కి తిరుగుతారు. కొత్తగా ఎర్త్ పిట్ వేయించి, సాంక్షన్డ్ లోడు (మీటర్‌కి మంజూరైన లోడు) కూడా పెంచుకోండి.

రాత్రి బండి ఎక్కడ పెడతారు? రోడ్డు మీదైతే ఇదంతా వృథా.

బోడుప్పల్ వాటర్

ప్లాంట్ లోపలే, గేటు వేసి ఉంటుంది. ప్లాంట్‌ది కమర్షియల్ మీటరే. విడిగా ఈవీ కనెక్షన్ ఇస్తారని నాకు తెలియదన్నా, రేపే సెక్షన్ ఆఫీసుకి వెళ్లి అడుగుతాను.

అక్కా, మీరు చెప్పిన బదులు బండి మాట డైరీలో రాసుకున్నాను.

ఫైనాన్స్ సెక్షన్

లోన్ల వైపు నుంచి నాలుగు మాటలు. ఎలక్ట్రిక్ చిన్న ట్రక్కులకు అప్పిచ్చేవాళ్లు ఇంకా జంకుతున్నారు. పాత డీజిల్ ఏస్‌కి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో రేటు ఎంతో అందరికీ తెలుసు, ఐదేళ్ల ఈవీకి ఎంతో ఎవరికీ తెలియదు. అందుకే డీజిల్‌కి ఐదేళ్లు ఇచ్చేచోట ఈవీకి మూడు, నాలుగేళ్లంటారు, డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతారు. మాస్టారి లెక్కలో రెండింటికీ ఒకే షరతులున్నాయి. మీకు వచ్చే ఆఫర్ అలా ఉండకపోవచ్చు. డీలర్ పక్కన కూర్చున్న ఫైనాన్స్ ఏజెంట్ దగ్గరే ఆగిపోకండి. మీ కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకులో ముద్ర లోన్ అడగండి. ఐదు నుంచి పది లక్షల దాకా తరుణ్ కేటగిరీలో వస్తుంది.

ట్యాక్స్ సంగతి. తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ ఉంది. 2024 నవంబర్ 18న మొదలైంది, 2026 డిసెంబర్ 31 దాకా. చిన్న గూడ్స్ బండ్లు కూడా అందులోకి వస్తాయి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ మాత్రం మీకు రాదు. ట్రక్కుల్లో అది మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన వాటికే. డీలర్ ఎవరైనా కేంద్ర సబ్సిడీ తర్వాత వస్తుందని చెప్తే నమ్మకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చిన్న గూడ్స్ బండికి 16,049 అయితే ఎలక్ట్రిక్‌కి 15 శాతం తక్కువ. మీకు జీఎస్టీ నంబర్ ఉందా? ఉంటే గూడ్స్ బండి కొన్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. డీజిల్ బండి మీద 18 శాతం వెనక్కి సర్దుకుంటుంది, ఈవీ మీద ఐదే. అప్పుడు డీజిల్ ఇంకొంచెం చౌకవుతుంది, ఆ తేడా కూడా వేసుకోండి.

డ్రైవర్ లైసెన్స్ గురించి భయం వద్దు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి మామూలు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

డల్లాస్ తెలుగు

మాస్టారి లెక్క చూసి ఒకటి రాయాలనిపించింది. ఇక్కడ అమెరికాలో స్లేట్ అని చౌక ఎలక్ట్రిక్ పికప్ ఒకటి 2025 ఏప్రిల్‌లో చూపించారు. స్టీరియో లేదు, పెయింట్ లేదు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. మోసేది 650 కిలోలు, రేంజ్ 150 మైళ్లు. ఫెడరల్ క్రెడిట్ (కేంద్ర ప్రభుత్వ పన్ను రాయితీ) 7,500 డాలర్లు పోగా 20 వేల లోపు అన్నారు, 50 డాలర్లు కట్టి జనం క్యూ కట్టారు. 2025 సెప్టెంబర్ 30తో ఆ క్రెడిట్ రద్దయింది. చౌక అన్న మాట ఆ ఒక్క రాయితీ మీదే నిలబడిందని అప్పుడు చాలామందికి తెలిసింది.

మీరు కొనేది మాఫీ గడువు లోపలే రిజిస్టర్ అయ్యేలా చూసుకోండి. లెక్క మాత్రం మాఫీ లేకపోయినా నిలబడేలా వేసుకోండి.

పచ్చళ్ల వ్యాపారం

మా ఆటో లాంటి మూడు చక్రాల వాటి సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్తున్నాను. మహీంద్రా ట్రియో జోర్ 578 కిలోలు, యూలర్ హైలోడ్ 688 కిలోలు మోస్తాయి. ధర తక్కువ, సందుల్లో తిప్పడం తేలిక. కానీ నీళ్ల క్యాన్లకు నేను వద్దంటాను. లోడు పైకి ఉంటుంది, నీళ్లు ఊగుతాయి, మలుపులో బండి ఒరుగుతుంది. మేడిపల్లి దగ్గర సర్వీస్ రోడ్డు దిగే చోట నాకే భయం వేస్తుంది, అదీ పచ్చళ్ల డబ్బాలతో.

కొంపల్లి కూరగాయలు

సీఎన్‌జీ గురించి ఎవరూ మాట్లాడలేదు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి నేను సీఎన్‌జీ ట్రాలీ తోలుతున్నాను. గ్యాస్ కిలో 96 దగ్గర ఉంది, కిలోకి 22 కిలోమీటర్లు వచ్చినా నాలుగు రూపాయల పైనే. డీజిల్ కంటే ఒక రూపాయి ఆదా. దానికోసం తెల్లారుజామున బంకులో లైన్లో నిలబడాలి. క్యాన్ల పనికి పొద్దున ఆరింటికే బండి కదలాలి కదా.

షెడ్డు మెకానిక్

సెకండ్ హ్యాండ్ ఈవీ ఎవరైనా చూపిస్తే ఒక మాట. డెలివరీ కంపెనీల దగ్గర తిరిగి, ఫైనాన్స్ వాళ్లు లాక్కున్న బండ్లు మార్కెట్‌లోకి వస్తున్నాయి. రేటు బాగుంటుంది. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిపోర్ట్ తీయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. వారంటీ రెండో ఓనర్ పేరు మీదకి మారుతుందో లేదో కూడా అడగండి. జియోకి కొత్తగా కొంటే బ్యాటరీ మీద ఏడేళ్లు లేదా లక్షన్నర కిలోమీటర్లు ఇస్తున్నారు. రోజుకు 45 అంటే ఏడేళ్లకు లక్ష కిలోమీటర్లే. ముందు ఏళ్లే నిండుతాయి. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క చెప్పు అన్నా, బ్యాటరీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఈ బండ్లలో ఎక్కువగా ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలే వస్తున్నాయి, వేడిని, రోజూ ఫుల్ చార్జింగ్‌ని బాగానే తట్టుకుంటాయి. వేసవిలో మాత్రం మిట్ట మధ్యాహ్నం బండి రాగానే చార్జింగ్ పెట్టకు. నీడలో కాసేపు చల్లారనివ్వు.

బోడుప్పల్ వాటర్

అందరి మాటలూ రెండు సార్లు చదివి, మా తమ్ముడితో కూర్చుని లెక్క వేశాం. ఒక ఆలోచన వచ్చింది, కుదురుతుందో లేదో చెప్పండి.

పోచారం, ఘట్‌కేసర్ వైపు ట్రాలీ అద్దె నెలకు 15 వేల దాకా అవుతోంది. ఆ హాస్టళ్లకు నీళ్లు మధ్యాహ్నం కావాలి, ఇక్కడి ఇళ్లకు పొద్దున. టన్ను బండి ఒక్కటే తీసుకుని పొద్దున ఇక్కడ (టన్నులో మనుషుల బరువు పోగా) 41 క్యాన్ల చొప్పున ట్రిప్పులు వేసి, భోజనాల టైమ్‌లో రెండు గంటలు చార్జింగ్ పెట్టి, మధ్యాహ్నం ఘట్‌కేసర్ వైపు వెళ్తే రోజుకు 80 కిలోమీటర్ల దాకా అవుతుంది. ట్రాలీ అద్దె ఆగిపోతుంది. 60 క్యాన్ల బదులు 41 కాబట్టి ట్రిప్పులు పెరుగుతాయి, కుర్రాడికి కొంచెం ఎక్కువ జీతం ఇవ్వాలి.

లెక్కల మాస్టారు

చాలా బాగుంది. ఇప్పుడు ఈవీకి ఎదురుగా నిలబడింది డీజిల్ బండి కాదు, డీజిల్ బండీ ట్రాలీ అద్దే రెండూ. 80 కిలోమీటర్లకు నెలకు 2,080. దానికి కరెంటు 3,950. ఇప్పటి 45 కిలోమీటర్లకు డీజిల్ 6,200, కాబట్టి అక్కడ 2,250 మిగులు. 6 రూపాయల కనెక్షన్ వస్తే 3,700. పైన 15 వేల అద్దె. కుర్రాడికి నాలుగైదు వేలు పెంచినా, ఈఎంఐ మొత్తం దాదాపు ఈ డబ్బులోంచే వెళ్లిపోతుంది.

అయితే పని అంతా ఒకే బండి మీద పడుతుంది. పచ్చళ్ల అక్క చెప్పిన భయం ఇప్పుడు రెట్టింపు. పాత ఏస్‌ని వెంటనే అమ్మకండి. ఫిట్‌నెస్ ఇంకా ఎన్నాళ్లుంటే అన్నాళ్లు స్పేర్‌గా ఉంచుకోండి.

తెనాలి పార్సిల్

రెండు గంటల చార్జింగ్‌కి మామూలు సాకెట్ మీద ముప్పై కిలోమీటర్ల దాకా వస్తుంది, మీకు అది చాలు. ఫాస్ట్ చార్జింగ్ వేరియంట్‌కి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. డీలర్‌ని టెస్ట్ డ్రైవ్ కాదు, లోడు ట్రయల్ అడగండి. బండి మీ ప్లాంట్‌కి తెప్పించి, మీ క్యాన్లే 41 ఎక్కించి, ఘట్‌కేసర్ దాకా పోయి రండి. బయల్దేరే ముందు, వచ్చాక చార్జింగ్ శాతం ఫోటో తీసుకోండి. శాతానికి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో అదే మీ అసలు రేంజ్. ట్రయల్ ఇవ్వనన్న డీలర్ దగ్గర కొనొద్దు.

బోడుప్పల్ వాటర్

ఇద్దరు డీలర్లకు ఫోన్ చేశాను. ఒకాయన ఖాళీ బండే తిప్పుతానన్నాడు, వద్దన్నాను. ఇంకొకాయన శనివారం పొద్దున పంపిస్తానన్నాడు. నాచారంలో సర్వీస్ పాయింట్ ఉందంటున్నాడు, రేపు నేనే వెళ్లి పార్టుల స్టాక్ అడుగుతాను. కరెంటన్నా, మీటర్ నుంచి బండి నిలబెట్టే చోటికి 35 మీటర్లు ఉంది, 4 ఎంఎం సరిపోతుందా?

కరెంట్ పని

15 ఆంప్స్ చార్జర్‌కి 35 మీటర్లు 4 ఎంఎం చాలు. ముందు ముందు 7 కిలోవాట్ల చార్జర్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 6 ఎంఎం లాగించండి, గోడ రెండోసారి తవ్వే పని తప్పుతుంది. వైరు పైపులోంచి వెళ్లాలి, క్యాన్లు కడిగే చోటుకి దూరంగా. సాకెట్ నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో, పైన రేకు కప్పుతో పెట్టించండి. కొత్త కనెక్షన్‌కి అప్లై చేసేటప్పుడు ఈవీ చార్జింగ్ కేటగిరీ అని స్పష్టంగా రాయండి. రాయకపోతే అదే ఆవరణ అని కమర్షియల్‌లోనే వేసేస్తారు.